మునగని ఓడకు సాక్షి

మా ఇంట్లో ఓడలు పోయాయి, గిడ్డంగులు పోయాయి, కాకినాడలో మేడ పోయింది. మిగిలింది ఒక ఇత్తడి గంట. దాని మీద ఒక బ్రిటిష్ యుద్ధనౌక పేరు చెక్కి ఉంటుంది. నాన్నగారిని అమెరికాలో మోరిస్‌విల్‌కు నా దగ్గరికి తెచ్చుకున్నప్పుడు ఆయన బట్టలు తగ్గించుకుని, ఆ గంటను పాత పంచెలో చుట్టి సూట్‌కేసులో పెట్టుకుని వచ్చారు.

గంటకు ఒక కథ ఉంది. నాన్నగారి ముత్తాత ఓడలకు దారి చూపే సరంగు. తుఫానులో కోరంగి దగ్గర ఇసుకమేట వైపు కొట్టుకుపోతున్న ఆ యుద్ధనౌకను ఆయన చిన్న పడవలో వెళ్ళి ఎక్కి, చుక్కాని పట్టి, లోతు నీళ్ళకు చేర్చారు. కెప్టెన్ గంట విప్పి ఆయన చేతికిచ్చాడు. ప్రతి క్రిస్మస్‌కూ ఇంటి పెద్ద ఈ కథ చెప్పి, చివర "ఓడ మునిగిందా?" అని అడగాలి. పెద్ద కొడుకు లేచి "మునగలేదు. నేను సాక్షిని" అనాలి. ఆ తరువాతే గంట మోగాలి. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ మాట నాదే.

నాన్నగారికి జ్ఞాపకశక్తి సన్నగిల్లుతోంది. పొద్దున తిన్నది గుర్తుండదు. మనవరాలి పేరు కోసం తడుముకుంటారు. ఆ కథ మాత్రం ఒక్క మాట జారకుండా చెబుతారు.

మా తెలుగు చర్చిలో క్రిస్మస్ ఆరాధనకు గంట తెమ్మని, నాన్నగారి చేతే కథ చెప్పిద్దామని పాస్టర్ గారు అన్నారు. అది విని ఒక పెద్దమనిషి భోజనాల దగ్గర, చేతిలో ప్లేటుతో నవ్వారు.

"మీ తాతలకి షిప్పులు, మా తాతలకి ఏనుగులండీ. ఫ్లైట్ దిగాక అందరం జమీందార్లమే!"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. రిసెషన్‌లో ఉద్యోగం పోయినప్పుడు కూడా ఎవరి ముందూ తల వంచలేదు.

"ప్రూఫ్ తెస్తానండీ" అన్నాను.

ఆ సాయంత్రమే ఇంగ్లాండులో పాత నౌకల రికార్డులు చూసే ఒక మ్యూజియానికి మెయిల్ రాశాను. వచ్చే జవాబును గోడకు తగిలించడానికి ఫ్రేమ్ కూడా కొన్నాను.

క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు జవాబు వచ్చింది. మర్యాదగా, వివరంగా ఉంది. ఆ నౌక కొన్నేళ్ళు మధ్యధరా సముద్రంలో తిరిగింది. తరువాత పశ్చిమ ఆఫ్రికా తీరంలో, బానిసలను మోసే ఓడలను వెంటాడింది. అక్కడ జ్వరాలకు చాలామంది నావికులు పోయారు. ఆవిరి ఓడలు వచ్చాక దాని తెరచాపలు విప్పేసి ఒక ఇంగ్లీషు రేవులో కట్టేశారు. కొత్తగా చేరిన నావికులకు అది వసతిగృహమైంది. ఆఖరుకు బొగ్గు నిలవ చేసే డొల్ల అయింది. ఆ పైన ముక్కలు చేసి, సామాను వేలం వేశారు. బంగాళాఖాతం వైపు అది ఎన్నడూ రాలేదు. గంట వేలంలో కొన్నదై ఉండవచ్చని రాశారు.

మూడుసార్లు చదివాను. యుద్ధానికి పుట్టి బొగ్గు మోసిన ఆ ఓడ మీద జాలి కలిగింది. చెబుదామని నాన్నగారి గదికి వెళ్ళాను. ఆయన గంటను చింతపండుతో తోముతున్నారు.

"కెప్టెన్ చూస్తే మెరవాలి కదరా" అన్నారు.

ప్రింటు తీసిన జవాబును మడిచి జేబులో పెట్టుకున్నాను.

క్రిస్మస్ నాడు చర్చిలో కథ చెబుతుంటే ఆయన గొంతు వణకలేదు. గాలి లేచింది, పడవ తిరగబడబోయింది, సరంగు తాడు అందుకున్నాడు. ముందు వరసలో ఆ పెద్దమనిషి కళ్ళు తుడుచుకుంటున్నారు.

"ఓడ మునిగిందా?"

లేచాను. కోటు జేబులో జవాబు కాగితం ఉంది. ఎదురుగా సిలువ ఉంది. సాక్షినని చెప్పుకోవలసిన చోటు అది. అబద్ధ సాక్ష్యం చెప్పకూడని చోటూ అదే.

"ఓడ మునిగిందా?" మళ్ళీ అడిగారు.

వెనక నుంచి ఎమ్మెస్ చదివే ఒక అమ్మాయి గుసగుసగా అంది, "అంకుల్, మిమ్మల్నే. ఆన్సర్ చేయండి."

నాన్నగారు నా ముఖంలోకి చాలాసేపు చూశారు. తరువాత పాస్టర్ గారి వైపు తిరిగారు.

"క్షమించాలండీ. మా పెద్దాడు ఇంకా రాలేదు. వాడు రాందే గంట కొట్టకూడదండీ."

"నాన్నగారూ, నేనే. ఇక్కడే ఉన్నాను. మునగలేదు. నేను సాక్షిని" అన్నాను. చర్చి అంతటికీ వినబడేలా అన్నాను.

"మీరు కూర్చోండి బాబూ" అన్నారాయన, దారిన పోయే మనిషితో అన్నట్టు. "మావాడొచ్చి చెబుతాడు."

గంట మోగకుండా దాని నాలుకను పిడికిట్లో పట్టుకుని, ఆయన తలుపు వైపు చూస్తూ నిలబడ్డారు.