బియ్యం బస్తాలో ఇంజినీరు

ఇన్నేళ్లలో నేను మూటగట్టుకున్న అవమానాలను వరుసగా నిలబెడితే శామీర్‌పేటలో మా గడప దగ్గర మొదలై మేడ్చల్ బస్టాండు దాకా వస్తాయి. ఆ వరుసకు ముందు జెండా పట్టుకుని నిలబడేది మాత్రం ఒక బియ్యం బస్తా. దాని సంగతే చెప్పబోతున్నాను. మీరు నవ్వుకుంటే నాకేమీ బాధ లేదు, మా ఇంట్లో ఎలాగూ నవ్వుతూనే ఉన్నారు. అప్పటికి నేనింకా కుర్రవాణ్ణి. అరవై ఎనిమిదో, అరవై తొమ్మిదో ఏళ్లుంటాయి. లోకం తెలియని వయసు.

మా మేడ మీది గదిలో నీమా అనే అమ్మాయి అద్దెకుండేది. టాంజానియా నుంచి చదువుకోవడానికి వచ్చింది. విదేశం అనగానే మీ కళ్ల ముందు ఏం కనబడుతుందో గానీ, నీమాకు విదేశమంటే శామీర్‌పేటే. ఆ విదేశంలో ఆమెకు తెలిసిన పెద్దమనిషిని నేనే. ఆమె దురదృష్టం అక్కడే మొదలైంది. పెళ్లయిన పిల్ల. భర్తనూ చిన్న కొడుకునూ అక్కడ వదిలి వచ్చి, వరి మీద ఏదో పరిశోధన చేస్తుండేది. తెలుగు మా ఆవిడ సుగుణ దగ్గర నేర్చుకుంది కాబట్టి ఆమెకొచ్చిన మాటల్లో సగం నన్ను తిట్టడానికి పనికొచ్చేవే.

ఆ గది స్లాబు కారుతుంది. వాన పడ్డప్పుడల్లా నీమా మెట్లు దిగి వచ్చి, "తాతా, నీళ్లు," అనేది. నేను పేపరు మీంచి తల ఎత్తకుండా, "మేస్త్రీకి చెప్పిన బిడ్డా," అనేవాణ్ణి. ఏ మేస్త్రీకి అని ఆమె ఎన్నడూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది, ఎందుకంటే అలాంటి మేస్త్రీ ఎవడూ లేడు.

ఒక బుధవారం, ఆమె కాలేజీకి వెళ్లిన సమయంలో, ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన కొట్టింది. సాయంత్రం నీమా గది తలుపు తీసేసరికి బల్ల మీది లాప్‌టాప్ మడుగులో బర్రెలా నిమ్మళంగా పడుకుని ఉంది. మీట నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. పిల్ల మెట్ల మీద కూలబడింది. సోమవారం తన పరిశోధన రిపోర్టు ఇవ్వాలి. అదంతా ఆ లాప్‌టాప్‌లోనే ఉంది. ఇవ్వకపోతే ఇంకో ఆరు నెలలు ఇక్కడే. కొడుకు రోజూ ఫోన్లో, అమ్మా ఎప్పుడొస్తావని అడుగుతున్నాడట. ఇంకోచోట కాపీ పెట్టుకోలేదా అని మీకు అనుమానం రావచ్చు. పెట్టుకుంది. ఆ కాపీ ఉన్న పెన్‌డ్రైవ్ లాప్‌టాప్‌కే గుచ్చి ఉంది. రెండూ కలిసే స్నానం చేశాయి.

నీమా సికింద్రాబాద్‌లో రిపేరు షాపుకు పోతానంది. వెళ్తే ఎలా తడిసిందని అడుగుతారు, స్లాబు సంగతి బయటపడుతుంది, ఆపైన సుగుణ చెవిన పడుతుంది. నేను అడ్డం పడ్డాను.

"నువ్వు బయటిదేశం పిల్లవు. నిన్ను జూస్తెనే డబల్ చెప్తరు. నేనున్న గద, ఎందుకు పరేషాన్ అయితవు? మేడ్చల్‌ల నాకు తెల్సిన ఇంజినీర్ ఉన్నడు. జర్మనీల పని జేసి వచ్చిండు. నేనంటే పానం ఇస్తడు."

ఆ జర్మనీ ఇంజినీరు ఆ క్షణంలోనే పుట్టాడు. నోరు తెరిచాను, వచ్చేశాడు.

నా అసలు ధైర్యం వేరే. అంతకు ముందు ఏడాది నా ఫోను బర్రె కుడితి గోళెంలో పడితే గిన్నెడు బియ్యంలో పూడ్చిపెట్టాను, లేచి కూర్చుంది. ఫోనుకు గిన్నె సరిపోతే లాప్‌టాప్‌కు బస్తా కావాలి. ఇందులో జర్మనీ దాకా వెళ్లాల్సిన శాస్త్రం ఏముంది?

మర్నాడు లాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకుని, నీమా చూస్తుండగా మేడ్చల్ వైపు బండి తిప్పాను. సగం దారిలో చాయ్ తాగి, వెనక్కి వచ్చి, వెనక తలుపులోంచి నా ఇంట్లో నేనే దొంగలా దూరాను. సామాన్ల గదిలో మూడు బస్తాలున్నాయి. ఒకదాని మూతి విప్పే ఉంది. దాని మీద కొత్త ఎర్ర జాకెట్ గుడ్డ. పక్కన పళ్లెంలో పసుపు కొమ్ములు, ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు. ఇవన్నీ ఒకచోట కనబడితే మా ఊళ్లో పాలు తాగే పిల్లకు కూడా విషయం అర్థమవుతుంది. నాకు మాత్రం లాప్‌టాప్ చుట్టడానికి మంచి గుడ్డ దొరికిందని అర్థమైంది. చుట్టాను. మోచేతి దాకా చెయ్యి దించి బస్తా అడుగున పూడ్చాను. అలసట తీరడానికి ఒక కుడుక తిన్నాను.

శనివారం మా బిడ్డ స్వప్నకు ఒడిబియ్యం. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పెళ్లయిన ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒళ్లో పోస్తాం. ఆ బియ్యాన్ని ఆమె అత్తగారింటికి తీసుకెళ్లి, వండి నలుగురికీ పెడుతుంది. ఒకసారి ఒళ్లో పడ్డది మళ్లీ పుట్టింటికి రాకూడదు. ఇది మాకు రాతి మీద గీత.

ఆ పొద్దున జాకెట్ గుడ్డ కనబడక సుగుణ ఇల్లంతా వెతికింది. కుడుక ఒకటి తగ్గిందని కూడా కనిపెట్టింది. రెండూ ఎలుకల పనేనని తేల్చింది. నేను తల ఊపి, "ఈ నడుమ ఎలుకలు మస్తు ఎక్కువైనయ్," అన్నాను. ఇంకో గుడ్డ తెచ్చి, బస్తాలో పైపైన తీసిన బియ్యానికి పసుపు కలిపి, తంతు జరిపించారు. మిగిలిన బస్తా మూతికి పసుపు దారం కట్టి, బొట్లు పెట్టి, గడప దగ్గర ఉంచారు. ఈ ముస్తాబులో అది నా బస్తా అని నేను గుర్తుపట్టలేదు. అల్లుడు ఒక కొస పట్టుకుంటే ఇంకో కొస నేనే పట్టుకుని కారు డిక్కీలో వేశాను. పైగా, "జర పైలంగ తీస్కపో," అని చెప్పాను.

సాయంత్రం లాప్‌టాప్ ఆరిందో లేదో చూద్దామని సామాన్ల గదిలోకి వెళ్లాను. రెండు బస్తాలున్నాయి. నా కాళ్ల కింద భూమి కదిలిందని చెప్పను గానీ, పక్కనున్న నూనె డబ్బాను మాత్రం గట్టిగా కరుచుకున్నాను.

వెంటనే స్వప్నకు ఫోన్ చేశాను. మచ్చ బొల్లారంలో ఉంటుంది. బస్తా విప్పకండి అనడానికి నోరు తెరిచేలోపే బిడ్డ అందుకుంది. "బాపూ, నువ్వు జేసిన పని జూసినం. మా అత్తమ్మ ఇంకా తేరుకోలే. ఇగో, మాట్లాడు."

మా వియ్యపురాలు అనసూయమ్మ గురించి ఒక్క ముక్క చెప్పాలి. తన ఒడిబియ్యంలో అన్నలు వెండి గిన్నె పెట్టారని ప్రతి పెళ్లిలో, ప్రతి పంక్తిలో, పప్పుకూ చారుకూ మధ్య చెబుతుంది. ఆ గిన్నె ముందు నా భూములూ నా మీసాలూ ఎన్నిసార్లు ఓడిపోయాయో. అలాంటి మనిషి ఫోన్లో మెత్తగా, "అన్నా, మా అన్నల ఎండి గిన్నె గిప్పుడు సిన్నగైంది. కొత్త జాకెట్ గుడ్డల సుట్టి, బియ్యం నడుమ దాసి, లాప్‌టాప్ పెట్టినోన్ని నేను యాడ జూడలే," అంది.

చూడండి, నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. నాకూ తెలుసు. నా నాలుక మాత్రం, "ఏముంది చెల్లె, ఆడబిడ్డ కంటే ఎక్కువనా," అంది.

"కొంచెం వాడినట్టు కనబడ్తాంది అన్నా."

"మరి ఊకెనే ఇస్తనా? మంచిగ నడుస్తదా లేదా అని నెల రోజులు నేనే నడిపి జూసిన."

"నడుస్తాంది. పాస్‌వర్డ్ అడుగుతాంది."

నడుస్తోందట. నా బియ్యం గెలిచింది. ప్రపంచంలో ఇంకెవరికీ చెప్పుకోలేని విజయం. పాస్‌వర్డ్ రేపు వచ్చి చెబుతానని ఫోన్ పెట్టేశాను. మర్నాడు ఆదివారం ఆ బియ్యం వండి పెడుతున్నారు, ఎలాగూ వెళ్లాలి.

మేడ మీదకు వెళ్లి నీమాకు శుభవార్త చెప్పాను. లాప్‌టాప్ లేచింది, రేపు సాయంత్రం తెచ్చిస్తా, ఇంజినీరు పాస్‌వర్డ్ అడుగుతున్నాడు అన్నాను. పిల్ల మొహం వెలిగింది గానీ పాస్‌వర్డ్ మాత్రం చెప్పలేదు. "నేనే కొడ్త తాతా. ఇంజినీర్‌కు చెప్పను," అంది. ఈ జాగ్రత్త ఏదో పెన్‌డ్రైవ్ విషయంలో చూపిస్తే నా పరువు దక్కేది.

పొద్దున బయల్దేరేటప్పుడు చూస్తే నీమా సుగుణ చీర కట్టుకుని కారు దగ్గర నిలబడి ఉంది. నేను సుగుణను పక్కకు పిలిచి, పాపం ఆమెకు రిపోర్టు పనుంది, ఎందుకు ఇబ్బంది పెట్టడం అన్నాను. సుగుణ నన్ను ఎగాదిగా చూసి, "లాప్‌టాప్ నీ ఇంజినీర్ దగ్గరుండె. ఇంట్ల గూసోని గోడల మీద రాస్తదా?" అంది. దారి పొడుగునా నా ఉపాయం ఒక్కటే. సర్వీసింగ్ అని చెప్పి, ఎవరూ చూడకుండా సంచిలో వేసుకుని రావడం.

బొల్లారంలో మెట్లెక్కేసరికి ఇల్లంతా జనం. లాప్‌టాప్ దేవుడి గూటి ముందు పీట మీద ఉంది. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పైన బంతిపువ్వు ఉంచారు. సంచిలో వేసుకోవడం కాదు, ఇప్పుడు దానికి దండం పెట్టకుండా పక్కనుంచి పోవడం కూడా కుదరదు. భీమవరం నుంచి వచ్చి ఈ కాలనీలో స్థిరపడిన ఒక బ్యాంకు ఉద్యోగి నా చెయ్యి రెండు చేతులా పట్టుకుని, "మా వైపు సారెలో ఫ్రిజ్జులు కూడా పంపుతారండీ. కానీ బియ్యంలో లాప్‌టాప్ దాచడం, అబ్బే, ఆ ఆలోచన మాకు రాలేదండీ," అన్నాడు.

నేను నీమా వైపు చూడకుండా ఉండటానికి గోడ మీది క్యాలెండర్ చదువుతున్నాను. ఆమె మాత్రం పీట వైపే చూస్తోంది.

"చెల్లె, దీన్ని ఒక్కసారి సర్వీసింగ్‌కు..." అని మొదలుపెట్టాను.

"ఒళ్లె పడ్డది గడప దాటొద్దన్నా. నీకు తెల్వదా?" అంది అనసూయమ్మ. "పాస్‌వర్డ్ చెప్పు. అందరు జూస్తరు."

"యాదికి లేదు."

నీమా వచ్చి పీట ముందు కూర్చుంది. ముందు దండం పెట్టింది. తర్వాత బంతిపువ్వు పక్కకు జరిపి, మూత తెరిచి, టకటకా కొట్టింది. తెర వెలిగింది. సముద్రపు ఒడ్డున ఒకాయన, ఆయన భుజం మీద ఒక పిల్లవాడు, నోరంతా నవ్వు.

అనసూయమ్మ వంగి చూసి, "ఈళ్లెవలు అన్నా?" అంది.

ఇక్కడ కూడా నేను ఆగి ఉండొచ్చు. ఆగలేదు. "నా పాత దోస్తులు," అన్నాను.

నీమా నా వైపు తిరిగింది. "పెద్దోడు నా మొగడు. సిన్నోడు నా కొడుకు. తాతకు దోస్తులు అని నాకు తెల్వది." తర్వాత మీటల సందులోంచి ఒక గింజ తీసి అరచేతిలో పెట్టుకుని, చాలా మర్యాదగా అడిగింది. "తాతా, నేను బియ్యం మీద రిపోర్టు రాసిన. రిపోర్టు బియ్యంలకు ఎందుకు పోయింది?"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. స్లాబు నుంచి మొదలుపెట్టి, లేని మేస్త్రీ, పుట్టని ఇంజినీరు, సగం దారి చాయ్, జాకెట్ గుడ్డ, ఎలుకలు, అన్నీ చెప్పేశాను. నా జీవితంలో అంత నిజం ఒక్కసారిగా ఎన్నడూ మాట్లాడలేదు. అంతా విని సుగుణ ఒక్కటే అడిగింది.

"కుడుక తిన్నది నువ్వా?"

స్వప్న పగలబడి నవ్వుతూనే లాప్‌టాప్ తీసి నాకు అందించబోయింది. అనసూయమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. నీమా మొహం ఒక్కసారి వాడిపోయింది. రేపే ఆ సోమవారం, రిపోర్టు ఇవ్వాల్సిన రోజు. నేను అనసూయమ్మ వైపు తిరిగి, మొదటిసారి గొప్పలేమీ లేకుండా, "చెల్లె, రేపు అది గావాలె. లేకుంటే ఈ పిల్ల ఇంటికి పోలేదు. కొడుకు ఎదురుసూస్తుండు," అన్నాను.

ఆమె తెర మీది పిల్లవాణ్ణి మరోసారి వంగి చూసింది. "ఎనక్కి పోదు. అది పోదు," అంది. "ముందుకైతే పోవచ్చు. పెండ్లయిన పిల్లనే గద? ఈడ పుట్టినిల్లు లేదు గద? పీటేసి కూసోవెట్టుండ్రి."

అలా నీమాకు ఒడిబియ్యం పోశారు. స్వప్న బియ్యం పోసింది, సుగుణ కుడుకలు పెట్టింది (ఈసారి నన్ను చూస్తూ లెక్కపెట్టి పెట్టింది), ఆ ఎర్ర జాకెట్ గుడ్డ పెట్టారు, అన్నిటి మీదా లాప్‌టాప్ పెట్టారు. కొంగు బరువుకు ఒరిగిపోతూ ఆ పిల్ల ఏడ్చిందో నవ్విందో నేను చెప్పలేను. నా కళ్లలో పసుపు పడింది.

సోమవారం రిపోర్టు ఇచ్చేసింది. అనుకున్న రోజుకే ఇంటికి చేరింది. ఇప్పటికీ ఫోన్ చేసి, తాతా, మీటల్లోంచి ఇంకో గింజ రాలింది అని చెబుతుంది. కొడుకు దాచుకుంటున్నాడట.

స్వప్నకు కొత్త లాప్‌టాప్ కొనిచ్చాను, అట్టపెట్టెలో, షాపువాళ్ల సీలుతో సహా. అయినా అనసూయమ్మ కథ మారలేదు, ఇంకా పెద్దదైంది. ఇప్పుడు ప్రతి పెళ్లి పంక్తిలో ఇలా చెబుతోంది: "మా అన్నలు ఎండి గిన్నె పెట్టిండ్రు. మా వియ్యంకుడు లాప్‌టాప్ పెట్టిండు. తెల్లారి వచ్చి మల్ల అడిగిండు."

అందుకని మీ అందరి సాక్షిగా, కుడిచెయ్యి సుగుణ సామాన్ల గదికి వేసిన కొత్త తాళం మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. బతికినన్నాళ్లూ బియ్యం బస్తాలో చెయ్యి పెట్టను. జర్మనీ నుంచి ఎవరినీ రప్పించను. ఎలుకల మీద నింద వెయ్యను.

ఇంతకీ ఆ స్లాబు ఏమైందని అడుగుతారేమో. మేస్త్రీకి చెప్పాను.