ఉంచుకోమన్న తఖ్తు

మా మనుమరాలి వంటింట్లో వారం రోజులుగా జిగురు వాసన. నేరేడ్‌మెట్‌లో రెండు గదుల ఇల్లు వాళ్ళది. ఉన్నంతలో వంటిల్లు బాగు చేయించుకుందామని పని పెట్టారు. అలమారాల డబ్బాలు గట్టిగానే ఉన్నాయి, తలుపులు మారిస్తే చాలు, గిన్నెల గూడు ఉన్నదాన్నే రుద్ది రంగు వేయండి అని నేను చెప్పాను. గట్టిగానే చెప్పాను, మెల్లగా చెప్పినవి ఈ ఇంట్లో ఎవరికీ వినిపించవు. వడ్రంగి పాత పలకలు ఊడదీసి గోడకు చేర్చి, "ఇవి ఉంచాల్నా అమ్మమ్మా, పారెయ్యాల్నా?" అని అడిగాడు. "ఎవరివి?" అన్నాను. అతను నవ్వాడు. "ఎవరివేంది, మీయే గద" అన్నాడు.

బొల్లారం బజారు వెనక సందులో మా ఇల్లు ఉండేది. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. మూడో తరగతి దాకా చదివి, తమ్ముణ్ణి ఎత్తుకోవాలి గనుక మానేశాను. మా నాయిన మేస్త్రి. కంటోన్మెంటు బంగ్లాలలో గోడలు, పొయ్యిగట్లు కట్టేవాడు. మా ఇంట్లో మాత్రం వంటింటికి కిటికీ లేదు. నేల మీద మట్టి పొయ్యి, పక్కన పిడకల కుప్ప, వానాకాలమైతే తడిసిన పిడకల పొగకు కళ్ళు మండి, మక్కగారెలు నూనెలో వేగుతున్న వాసన ముక్కుకు తగులుతున్నా గారె ఏదో గిన్నె ఏదో కనిపించక, పిల్లలమంతా గడప బయట చూరు నీళ్ళ కింద చేతులు పెట్టుకుని, ఎప్పుడు పిలుస్తారా అని కూర్చునేవాళ్ళం. చలికాలం అదే పొగలో చేరి చేతులు కాచుకునేవాళ్ళం.

తమ్ముడు పుట్టిన ఏడాది అమ్మ బావి దగ్గర పాచిరాళ్ళ మీద జారి పడింది. కుడి మోకాలు వాచి, వాపు దిగాక కూడా వంగలేదు. కాలు ముందుకు చాపి, ఒక చేయి నేలకు ఆనించి, ఇంకో చేత్తో రొట్టె కాల్చేది. లేవాలంటే గోడ పట్టుకోవాలి. నాలుగు రొట్టెలు అయ్యేసరికి పై పెదవి మీద చెమట పట్టేది. నిలబడి వండుకునే గట్టు కావాలని అడిగింది. పెళ్ళయ్యాక అమ్మ నోరు తెరిచి అడిగినది అదొక్కటే అని నాయిన తరువాత చెప్పాడు.

మా నాయినమ్మకు అది నచ్చలేదు. "నిలవడి వండెతందుకు నువ్వేమన్న దొరసానివా?" అనేది.

"మోకాలు వంగుతలేదత్తా. మీరు వంచి సూపియ్యుండ్రి."

"వంచకుంటెనే నీ నోరు గింత ఉన్నది, వంచితె ఇంగెంతైతదో."

నాయిన మధ్యలో, "జెర ఆగుండ్రి. దొరల ఇండ్లల్ల గట్లు కట్టి కట్టి నా చేతులు అరిగినయి. మనింట్ల సుత కడ్త" అనేవాడు.

కొనడమన్నది లేదు. ఒక ఏడాది పాటు ఏరి తెచ్చాడు. పడగొట్టిన గుర్రాల కొట్టం నుంచి ఇటుకలు, ఎవరి ఇంట్లోనో మిగిలిన సున్నం, అద్దాలు లేని కిటికీ చట్రం, పొగ బయటికి పోయే గూడు కోసం గ్యాసునూనె డబ్బాలు. సాయంత్రం పని నుంచి వచ్చి ఆ డబ్బాలను సమ్మెటతో సాపు చేస్తుంటే సందంతా మోగేది. ఇటుకలకు అంటిన పాత సున్నం గీకే పని నాది. గోళ్ళు తెల్లబడి అన్నంలో సున్నం రుచి వచ్చేది. అన్నీ కుదిరాయి గాని గట్టును మోసే రెండు పొట్టి గోడల మీద అడ్డంగా పరవడానికి ఏమీ దొరకలేదు. షాబాదు బండ కొనడం మా వల్ల అయ్యేది కాదు. కట్టె పలకలు పరిచి పైన ఇటుక ముక్కలు, గచ్చు వేసినా నిలుస్తుంది, కానీ అంత వెడల్పు పలకలు ఎక్కడివి?

అంత వెడల్పు పలకలు పక్కింట్లో ఉండేవి. పక్కిల్లు దర్జీది. ఫౌజువాళ్ళ బట్టలు కుట్టేవాడు. ఆయనను ఖాలూ అని, ఆయన భార్యను ఖాలా అని పిలిచేవాళ్ళం. ముందు గదిలో గోడ నుంచి గోడ దాకా తఖ్తు, వెడల్పాటి టేకు బల్ల, ఉండేది. ఖాలూ దాని మీదే కూర్చుని, దాని మీదే బట్ట పరిచి కత్తిరించి, మిషను కూడా దాని మీదే పెట్టి కుట్టేవాడు. గజం కట్టె వెతుక్కునే పని లేకుండా తఖ్తు అంచు మీద చాకుతో గాట్లు పెట్టుకున్నాడు. బట్టను ఆ గాట్ల వెంట లాగి కొలిచేవాడు. దాని కింద చల్లగా, చీకటిగా ఉండేది. నేనూ వాళ్ళ అమ్మాయీ అక్కడ దూరి, రాలిపడిన ఇత్తడి గుండీలతో గచ్చకాయలు ఆడేవాళ్ళం. పీర్ల పండుగకు ఖాలా మలీద పంపేది, బతుకమ్మకు మేము సత్తు పంపేవాళ్ళం. గిన్నె ఎప్పుడూ ఖాళీగా తిరిగి రాలేదు. ఖాలా తన ఉర్దూను మాటకు మాట తెలుగు చేసి మాట్లాడేది. "ఆకలి తగిలింది" అనేది, "చలి తగిలింది" అనేది. మేము నవ్వితే, "నవ్వుండ్రి, మీ అమ్మ ఉర్దూ వింటె మా బక్రీలు సుత నవ్వుతయి" అనేది.

నిజాం రాజ్యం పోయి ఇండియా ఫౌజు లారీలు బొల్లారం రోడ్డు మీద వరసగా వచ్చిన రోజులవి. పెద్దవాళ్ళు పోలీసు యాక్షన్ అన్నారు. మాకు తెలిసిందల్లా బజారు మూసి ఉండడం, నాయినకు పని లేకపోవడం, పూటపూటకూ అంబలి. పక్కింట్లో మిషను చప్పుడు ఆగిపోయింది. నాలుగో రోజు పొద్దున వాళ్ళ వాకిట్లో జట్కా ఆగింది. గొడవలకు భయపడి చార్మినారు అవతల ఖాలా అన్నగారింటికి పోతున్నారు. మిషను, మూటలు, పిల్లలు ఎక్కారు. అమ్మ బావికి పోయింది. నేను గడపలో తమ్ముణ్ణి ఎత్తుకుని నిలబడ్డాను. ఖాలా గబగబా వచ్చింది.

"బేటీ, అమ్మకు చెప్పు. తఖ్తు బండ్ల పట్టలే. మీ ఇంట్ల ఉంచుకోమన్న అని చెప్పు. ఉంచుకో. సమజైందా?"

"ఆఁ" అన్నాను.

ఆమె కొంగుతో తమ్ముడి ముక్కు తుడిచి వెళ్ళి బండెక్కింది. కాసేపటికి అమ్మ కడవతో వచ్చింది.

"ఖాలా పోయింది. తఖ్తు మనకిచ్చింది" అన్నాను.

"ఇచ్చిందా? ఏమన్నది? మంచిగ చెప్పు."

"ఉంచుకోమన్నది."

రఖ్‌లో, అంటే దాచిపెట్టు, అన్న మాటను ఖాలా ఉంచుకో అని తెలుగు చేస్తుందని నాకు తెలుసు. వాళ్ళ ఇంట్లో ఎవరైనా నగో, గిన్నో జాగ్రత్త పెట్టిపోతే, లోపల దాచమని కూతురితో ఆమె ఆ మాటే అనేది. మా ఇంట్లో ఉంచుకోమంటే ఇక నీదే అని. మొదట "ఇచ్చింది" అని ఎందుకన్నాను? ఇటుకలు గీకి గీకి విసిగిపోయాను. అమ్మ మూలుగు వినీ వినీ కూడా విసిగిపోయాను. తెలిసి అన్నానో, తెలియక అన్నానో ఇప్పటికీ తేల్చలేను.

నాయిన దసరా దాకా ఆగాడు. వాళ్ళు రాలేదు. ఖాళీ ఇళ్ళ తలుపులు కూడా ఎత్తుకుపోతున్నారని విని, తఖ్తును మా ఇంటికి మోయించాడు. అరువు తెచ్చిన రంపంతో నడిమికి కోశాడు. పలకలు గోడల మీద పరిచాడు. కాళ్ళు నాలుగూ గిన్నెల గూటికి నిలువు కట్టెలయ్యాయి. పైన ఇటుక ముక్కలు, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసి కలిపిన సున్నం వేసి, నున్నటి రాయితో మూడు రోజులు రుద్దాడు. గచ్చు అద్దంలా వచ్చింది. మొదటి రోజు అమ్మ నిలబడి జొన్నరొట్టెలు కొట్టింది. చప్పుడు వేరుగా వచ్చింది. పొగ డబ్బాల గూట్లోంచి బయటికి పోయింది. నాయినమ్మ ఆ పూట తిననని కూర్చుని, రెండో పూట తిన్నది.

చలికాలం నడుమ వాళ్ళు తిరిగి వచ్చారు. ఎక్కడో బడిపిల్లల బట్టల పని ఒప్పుకున్నాడు ఖాలూ. మర్నాడే కత్తిరింపు షురూ చేయాలి. జట్కా దిగీ దిగగానే ఖాలా మా ఇంట్లోకి వచ్చి అమ్మను కావలించుకుంది.

"చెల్లె, తఖ్తు ఏది? నలుగురిని పిలుస్త, మోస్కపోతరు."

అమ్మ వంటింటి వైపు చూసింది. ఖాలూ వంటింటి గడప దగ్గర ఆగిపోయాడు. గచ్చు కింద పలక అంచు బయటికి కనిపిస్తోంది. ఆయన వంగి, గాట్ల మీద వేలు పెట్టి ఒకటొకటే తడుముతూ పోయాడు. సగంలో గాట్లు ఆగిపోయాయి.

"ఉంచుకో అన్న గద!" అన్నది ఖాలా.

"ఉంచుకో అన్నవు గద ఆపా" అన్నది అమ్మ.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తరువాత అమ్మ నా వైపు చూసింది. ఒక్కసారే. తమ్ముడు నా చంకలో బరువుగా ఉన్నాడు. నేను వాణ్ణి ఇంకో చంకకు మార్చుకున్నాను.

"నేనే తప్పు సమజ్ చేస్కున్న" అన్నది అమ్మ. "పోరి మంచిగనే చెప్పింది. గట్టు పలగ్గొట్టిస్త, తీస్కపో."

"పలగ్గొడితె ఏమొస్తది?" అన్నాడు ఖాలూ, వేలు ఇంకా అక్కడే పెట్టి. "నడ్మికి కోసిన్రు. అతుకు పెడితె బట్ట నిలవది."

నాయిన పని నుంచి వచ్చి అంతా విన్నాడు. అమ్మను ఏమీ అనలేదు, నన్నూ అడగలేదు. మర్నాడు తెల్లవారగానే మా వీధి తలుపు రెండు రెక్కలూ ఊడదీశాడు. పక్కపక్కన చేర్చి, కింద అడ్డకట్టెలు కొట్టి, కాళ్ళు బిగించి పక్కింట్లో పెట్టి వచ్చాడు. నాయినమ్మ ఆరుబయట కూర్చుని, "గట్టు వచ్చింది, తలుపు పోయింది. ఇగ కుక్కలకు సుత వండు, నిలవడే వండు" అన్నది. ఆ చలికాలమంతా మా వాకిలికి గోనెసంచుల పరదా. గాలికి అది లోపలికి ఉబ్బి మళ్ళీ బయటికి పోతుంటే రాత్రి పూట ఇల్లు ఊపిరి తీస్తున్నట్టు ఉండేది.

ఆ తలుపు తఖ్తు ఖాలూకు సరిపడలేదు. గొళ్ళెం ఉన్నచోట బొక్క ఉండేది, బట్ట అక్కడ తగులుకునేది. బొక్కలో గుడ్డ కుక్కి పని చేసుకున్నాడు. కొత్తగా గాట్లు పెట్టుకోలేదు. ఖాలా మమ్మల్ని తిట్టలేదు. కనిపిస్తే పలకరించేది, కానీ ఉర్దూలోనే. ఆకలి తగలడం, చలి తగలడం మళ్ళీ వినలేదు. ఎండాకాలంలో వాళ్ళు శాశ్వతంగా వెళ్ళిపోయారు. పోయేముందు తఖ్తును బజారుకు పంపి అమ్మేశారు.

అమ్మ బతికినన్నాళ్ళూ ఆ గట్టు మీదే వండింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా ఇల్లు, పక్కిల్లు, సందు అన్నీ పోయాయి. ఇప్పుడు అక్కడ నిలబడితే ఏ గోడ ఎక్కడ ఉండేదో నేను కూడా చూపించలేను. పొగ లేదు, గచ్చు రుద్దేవాళ్ళు లేరు, గిన్నె నింపి వాపసు పంపేవాళ్ళూ లేరు. ఆ రోజు నేను చెప్పిన మాట గురించి అమ్మ ఎన్నడూ అడగలేదు, నేను చెప్పలేదు. ఆ తరువాత ఆమె నాతో ఎవరింటికీ మాట పంపలేదు, అంతే. ఇంత ఉప్పు కావాలన్నా, పక్క సందులో ఎవరినైనా పిలవాలన్నా, గోడలు పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ తనే పోయి వచ్చేది. నేను గడపలో నిలబడి చూసేదాన్ని.