మస్తాన్ బాబాయ్ విప్పిన కుట్టు

కొత్త రెక్సిన్ వాసన తగిలితే చాలు, నా ఎడమ చెయ్యి సీటు బెల్టు మీటను వెతుక్కుంటుంది. నిన్న కూడా అంతే. నరసరావుపేటలో కార్లకు సీటు కవర్లు కుట్టిన మస్తాన్ బాబాయ్ పోయి ఏడాది కావస్తోంది. ఆయన నేర్పింది ఎవరూ ఎక్కడా రాయలేదు. నేను రాయకపోతే నాతోనే పోతుంది.

నేను అద్దె కారు డ్రైవర్‌ని. బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా కిరాయి లేని మధ్యాహ్నాల్లో గ్రంథాలయంలో సంపాదించుకున్నదే. ఒకరోజు అక్కడి పత్రికలో చదివాను: కారు నీళ్లలో పడితే, సీటు మీద తల ఆనించుకునే దిండు ఊడదీసి, దాని ఇనప కడ్డీలతో పక్క అద్దం పగలగొట్టవచ్చని. నేరుగా బాబాయ్ కొట్టుకు వెళ్లి గొప్పగా చెప్పాను.

"ఏందిరా, ఇయ్యాల ఏ పుస్తకం నమిలావు? సరే, నీ బండిలోది ఊడబీకు. లెక్కపెడతన్నా" అన్నాడు.

ఇరవై అయింది, ముప్ఫై అయింది. కడ్డీల దగ్గరుండే మీట కవరు కింద ఎక్కడో ఉంది, వేలికి అందదు. నలభై దగ్గర బాబాయ్ లెక్క ఆపేశాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాను. ఆయన ముఖమే మాడిపోయింది.

"ఇంత బిర్రుగా కుట్టింది నేనే గదరా" అని బ్లేడు అందుకున్నాడు. కుట్టు విప్పుతూనే చెప్పాడు. ఎప్పుడో ఒక కారు కాలవలో పడితే ఈదుకుంటూ వెళ్లి, రాయితో ముందద్దం మీద కొట్టాడట. "బీటలిచ్చింది గానీ ఊడలా. అది రెండు పొరలు, మధ్యలో జిగురు. అప్పుడు నాకు తెలవదు. పక్కద్దం మూల మీద కొట్టుంటే..." అంటూ ఇంకో కుట్టు తెంపాడు. లోపల ఎవరున్నారని నేను అడగలేదు.

ఆరోజే నా బండి సీట్లన్నిటికీ దిండు కవరు విడిగా, లాగితే వచ్చేట్టు కుట్టాడు. డ్రైవరు సీటు పక్కన చిన్న సంచి కుట్టి అందులో అద్దాలు పగలగొట్టే సుత్తి పెట్టాడు. "డాష్‌బోర్డు పెట్టెలో పెట్టబాకు. బండి పడితే అది తెరుచుకుంటదో లేదో" అన్నాడు. నా కళ్లకు తువ్వాలు కట్టి కూర్చోబెట్టేవాడు. "బెల్టు! అద్దం! పక్కమనిషి! ఆఖర్న నువ్వు! మునిగిపోతన్నావురా, కదులు!" అని బండి మీద దబదబా బాదేవాడు.

రెండేళ్ల కిందట వానాకాలంలో, మాచర్ల నుంచి రమణమ్మ పిన్నిని కంటి పరీక్షకు పేటకు తీసుకొస్తున్నాను. గేదెను తప్పించబోతే చక్రం జారి కారు కాలవలోకి దిగింది. మోకాళ్లదాకా నీళ్లు.

"తలుపు తియ్యరా నాయనా!"

నీళ్ల ఒత్తిడికి తలుపు కదలదు. అద్దం స్విచ్ పనిచెయ్యదు. ఇద్దరి బెల్టులూ విప్పి సంచిలో చెయ్యి పెట్టాను. సుత్తి లేదు. "కార్లో సుత్తేందయ్యా, మమ్మల్నేమన్నా కొడతావా?" అని వారం కిందట ఎవరో నవ్వితే, సిగ్గుపడి దాన్ని డాష్‌బోర్డు పెట్టెలో దాచాను. పెట్టె బిగుసుకుపోయింది. నీళ్లు నడుం దాటాయి.

పిన్ని తల వెనక దిండు పట్టుకుని లాగాను. కవరు ఒక్క గుంజుకే చేతిలోకొచ్చింది. మీట నొక్కి దిండు ఊడదీసి, కడ్డీని పిన్ని వైపు అద్దం మూలన రబ్బరు సందులోకి దూర్చి బలంకొద్దీ వంచాను. రెండోసారికి అద్దం రవ్వలైంది, నీళ్లు మీద పడ్డాయి.

"నేనందులో పట్టన్రా!"

"పడతావు, తల ముందుపెట్టు పిన్నీ!"

ఆమెను తోసి, వెనకే నేనూ బయటపడ్డాను. గేదెలు కాసే మనిషి గట్టు మీద నుంచి విసిరిన తాడు పట్టుకుని ఒడ్డెక్కాం.

మర్నాడు సంగతి చెప్పగానే బాబాయ్ మొదట ఇదే అడిగాడు. "సుత్తి ఏడబెట్టావు?"

చెప్పాను. తిట్టలేదు. సూదిలోకి దారం ఎక్కించబోయాడు. రెండుసార్లు గురి తప్పింది.

"ముందు ఆమేనా బయటికొచ్చింది?"

"ముందు ఆమే బాబాయ్."

తల ఊపాడు. అప్పుడెక్కింది దారం.

గట్టు మీద నుంచి తాడు విసిరిన గేదెల వెంకటేశ్వర్లుకు, ఆ పత్రిక నా కోసం తీసిపెట్టిన గ్రంథాలయం సుభాషిణి గారికి, చెప్పగానే తల ముందుపెట్టిన రమణమ్మ పిన్నికి కృతజ్ఞతలు. బాబాయ్‌కి మాత్రం బతికుండగా నోరు తెరిచి చెప్పలేదు. బండెక్కిన ప్రతిసారీ కళ్లు మూసుకుని బెల్టు మీట, అద్దం, సంచి తడుముకుంటాను. సుత్తి సంచిలోనే ఉంది, మస్తాన్ బాబాయ్.