బొజ్జ నొప్పి

ఆఫీసు క్యాంటీన్లో రోజుకు మూడొందల మందికి వండిపెట్టే మనిషి ఆయన. గరిట అంచు నాలుకకు తాకిస్తే చాలు, ఉప్పు ఎంత తక్కువైందో చెప్పేస్తాడు. అంతటి చేయి తిరిగిన వంటవాడికి తిండి ముట్టని కూతురు పుట్టింది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. ఏడాది పాటు ముక్కులో గొట్టంతోనే పాలు పోశారు. గొట్టం తీసినా, చెంచా కనబడితే పెదాలు బిగించేసేది. ఇప్పుడు మూడేళ్లు. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, ఆ ఇంట్లో అడగకుండానే పొద్దస్తమానం పెట్టేవారు. ఆయన పళ్లెంతో, భార్య గ్లాసుతో వెంటపడేవారు. పిల్ల మాత్రం చిక్కి సగమైంది.

పిల్లల డాక్టరమ్మ ఆకలి పుట్టించే సిరప్ రాసింది. "నెలలో బరువు పెరగకపోతే ఈసారి పొట్టకే గొట్టం వెయ్యాలి. మందు వేశాక మీరు వెంటపడకండి, తననే అడగనివ్వండి. మొదట్లో కాస్త మత్తుగా ఉంటుంది," అంది.

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు కదా. ఆ సామెతలో రెండో సగమే ముందొచ్చింది. మూడు రోజులు పిల్ల నేల మీదా, చెప్పుల పక్కనా ఎక్కడపడితే అక్కడ నిద్రపోయింది.

ఆరో రోజు "నాన్నా, బొజ్జ నొప్పి" అని ఏడ్చింది. మర్నాడూ అదే పాట. మందు పడలేదనుకున్నాడు ఆయన. పిల్లను చంకనేసుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు.

డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది. "నొప్పి ఎప్పుడొస్తోంది?"

"పొద్దున లేవగానేనండీ. మళ్లీ మధ్యాహ్నం ఒంటిగంటకి. మళ్లీ సాయంత్రం..."

"పాలు తాగితే తగ్గుతోందా?"

"తగ్గుతోందండీ."

"అది నొప్పి కాదయ్యా, ఆకలి! దానికెప్పుడూ వెయ్యలేదు, పేరెలా తెలుస్తుంది?"

వరండా బల్ల మీద కూర్చుని ఆయన టిఫిన్ డబ్బా తెరిచాడు. ఇన్నేళ్లూ "తిను" అన్నాడే తప్ప ఆకలి అన్న మాట పిల్లకు నేర్పనేలేదని సిగ్గేసింది.

"బొజ్జలో అలా ఉంటే ఆకలేస్తోంది అనాలమ్మా."

"ఆకలేత్తోంది," అని పిల్ల తనే నోరు తెరిచింది. నాలుగు చెంచాలు తిని, ఐదోదానికి తల తిప్పేసుకుంది. "ఇంకొక్కటి" అన్న మాట నోటిదాకా వచ్చినా మింగేసి, ఆయన మూత పెట్టేశాడు. ఆయనకు ఏడుపు మాత్రం ఆగలేదు.

పిల్ల ఆయన పొట్ట మీద చేయి వేసింది.

"నాన్నా, ఆకలేత్తోందా?"