మణెమ్మ దున్నిన ఎకరం

చోడవరం దగ్గర పెదబాబుకున్న ఎకరం పొలాన్ని మణెమ్మ మొగుడు పెళ్ళైన నాటినుంచీ కౌలుకు చేశాడు. 1957 వేసవిలో అతను జ్వరమొచ్చి పోయాడు. సమాధి మీద మట్టి ఆరకముందే పెదబాబు కబురంపాడు: నాగలి మేడి పట్టే మగాడు లేని ఇంటికి కౌలు లేదని.

మణెమ్మ కబురుకు కబురంపే మనిషి కాదు. నేరుగా వెళ్ళి అతని అరుగు ముందు నిలబడింది. ఊరి పెద్దలు అక్కడే ఉన్నారు.

"నాటింది నాను, కలుపు తీసింది నాను, కోసింది నాను. మరి పొలం ఎవలిది బాబూ?"

"దున్నినోడిది. నువ్వు దున్నేవేటే?"

"దున్నితే కౌలుకిస్తారా?"

పెదబాబు పగలబడి నవ్వాడు. "దున్ను, సూద్దాం! దున్నితే నీదే. ఈ పెద్దలే సాక్షి."

అతని ధైర్యమంతా ఆచారం మీద. ఆడది మేడి ముడితే వానలుండవట. బురదలో నడుం విరిగేలా వంగొచ్చు, మోపులు మొయ్యొచ్చు. హక్కు తెచ్చిపెట్టే పని ఒక్కటే చెయ్యకూడదు! ఆ ఆచారం ఎవరు పెట్టారో వేరే చెప్పాలా?

మిషను బడి కృపారావు మాస్టారు సాలూరులో జర్మన్ పాదిరి దగ్గర చదువుకున్నాడు. సంగతి విని మణెమ్మ గుమ్మంలోకొచ్చి కూర్చున్నాడు.

"ఎకరమంటే ఏటనుకుంటన్నావు మణెమ్మా? ఇంగ్లీషోళ్ళు ఏకర్ అంటారు, జర్మనీవోళ్ళు ఆకర్, డచ్చివోళ్ళు అక్కర్. అన్నీ ఒక తల్లి బిడ్డలే. మొదట్లో ఆ మాటకి పొలమనే అర్థం, కొలత కాదు. మన సంస్కృతంలో అజ్రమన్నా పొలమే, అదీ ఆ వంశమేనట. తర్వాత ఇంగ్లండులో, కాడి ఎడ్లు ఒక రోజులో దున్నే నేలని ఎకరమన్నారు. సర్వే గొలుసులన్నీ ఆ తర్వాత వచ్చినవే."

"అయితే కొలతకన్నా ముందు దున్నుడే ఉందన్నమాట."

"అదే కదా!"

ఆ ఉత్సాహంలో మాస్టారు, మణెమ్మ ఒక్క రోజులో ఎకరం దున్నేస్తుందని బజారంతా చెప్పేశాడు.

తొలకరి పడగానే మణెమ్మ చీర గోచీ పోసి, తన ఎడ్లకు ఏరు కట్టింది. గట్టు మీద జనం మూగారు. తొలి చాలు పాములా వంకర తిరిగింది.

"ఒసే, పొలం దున్నతన్నావా, ముగ్గేస్తన్నావా?" అన్నాడొకడు.

"నీ పెళ్ళికి ముగ్గు!" అని మణెమ్మ ఎడ్లను అదిలించింది.

పొద్దు వాలేసరికి సగమే అయింది. ఎడ్లు రొప్పుతున్నాయి. మాస్టారు తల దించుకున్నాడు.

"ఏదే ఎకరం?" అన్నాడు పెదబాబు.

"ఆ దేశం ఎడ్లు బలిసినవేమో బాబూ. నావి నాలాగే గంజి తాగి బతికేయి. ఒక్క రోజులో అన్నది మాస్టారు. తమరు 'దున్నితే నీదే' అన్నారు, అంతే. మిగతాది రేపు దున్నుతాను."

మర్నాడు పక్క పొలం చిన్నమ్మి తన ఎడ్లను తోలుకొచ్చింది. "నీవి అలిసిపోనాయి వదినా, నావి కట్టు. మా ఆయన తిడితే తిట్నీ."

మధ్యాహ్నానికి చివరి చాలు గట్టును తాకింది. పెద్దల్లో ముసలాయన లేచి, "నువ్వన్న మాటే బాబూ. పొలం మణెమ్మే చేసుకుంటాది," అన్నాడు.

పెదబాబు కండువా దులుపుకొని వెళ్ళిపోయాడు. మణెమ్మ కాడి విప్పి, మట్టి చేతులు చీరకు తుడుచుకుని, విత్తనాల గంప అందుకుంది.