నాలుగు గంటల గడి

నా కూతురు గోళ్ల రంగు తుడుచుకోవడానికి ఆ చిన్న సీసా మూత తీసిందంటే చాలు, వంటింట్లో ఉన్నా నాకు నర్సింలు సార్ గుర్తొస్తారు. అది అసిటోన్ వాసన. గడ్డపోతారంలో మా మందుల ఫ్యాక్టరీ గోడలకు కూడా అదే వాసన. పిల్ల "ఛీ, ఏం కంపు" అంటుంది గానీ, నాకైతే ప్రాణం లేచొస్తుంది.

తొంభైల చివర్లో నేనక్కడ పొడి ఆరబెట్టే డ్రయర్ దగ్గర కాంట్రాక్టు మనిషిని. చిట్కుల్‌లో గది కిరాయికి తీసుకుని అమ్మా నేనూ ఉండేవాళ్లం. ల్యాబులో ఒక పర్మనెంట్ ఉద్యోగం ఖాళీ పడింది. ఇంటర్ చదువు చాలు, కానీ పరీక్షలో ఫ్యాక్టరీలో జరిగిన సంగతేదైనా ఇంగ్లీషులో రాసి చూపాలి. తెలుగు మీడియం దాన్ని. 'ఇఫ్' కనబడితే తికమకపడేదాన్ని. వాక్యానికి రెండువైపులా 'వుడ్' పెట్టేసేదాన్ని.

మా సూపర్‌వైజర్ నర్సింలు సార్ జోగిపేట వైపు మనిషి. డ్రమ్ములు దొర్లించే కూలీగా చేరి, వాటి మీది లేబుళ్లు చదివే ఇంగ్లీషు నేర్చుకున్నారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక డ్రయర్ ముందే నాకు పాఠం.

"ఆవిరి ఇడిస్తే ఏమైతది బిడ్డా?"

"వేడెక్కుతది సార్."

"రోజూ అయ్యేదే గదా. ఇఫ్ యు గివ్ స్టీమ్, ఇట్ హీట్స్. రేపు ఇడిస్తే? ఇట్ విల్ హీట్. నిన్న ఇడిసి ఉంటే? ఇఫ్ యు హ్యాడ్ గివెన్ స్టీమ్, ఇట్ వుడ్ హ్యావ్ హీటెడ్. వుడ్ ఒక్క దిక్కే ఉంటది. రెండు దిక్కుల పెడితే నేను నెత్తి కొట్టుకోవాల్నా?"

నవ్వొచ్చేది. మర్నాడు మళ్లీ అదే తప్పు.

డ్రయర్ వేడి గంటగంటకూ చూసి పుస్తకంలో రాయాలి. ఎప్పుడు చూసినా అరవై డిగ్రీలే కాబట్టి మేమంతా ముందే రాసేసి కూర్చునేవాళ్లం. పరీక్ష వారం ఉందనగా, ఓ రోజు రెండింటికే నాలుగు దాకా నింపేసి నోట్సు ముందేసుకున్నాను. మూడింటికి కరెంటు పోయింది. ఆవిరి ఆగి డ్రయర్ చల్లబడింది. మూడున్నరకు సార్ పుస్తకం తెరిస్తే, నాలుగు గంటల గడిలో అరవై డిగ్రీలు దర్జాగా కూర్చుని ఉంది.

"ఏంది బిడ్డా ఇది? నాలుగు కొట్టిందా?"

"తప్పయింది సార్. ఈ కాగితం చింపి కొత్తది రాస్త. ఇది పైకి పోతే ల్యాబు నౌకరి నాకు రాదు సార్."

"చింపుడు లేదు. అయింది అయినట్టు రాయి. ఇంగ్లీషుల రాయి."

ఏడుస్తూనే రాశాను. 'ఇఫ్ ఐ హ్యాడ్ వెయిటెడ్ టిల్ ఫోర్, ఐ వుడ్ హ్యావ్ రిటెన్ ద ట్రూత్.' నాలుగు దాకా ఆగి ఉంటే నిజం రాసేదాన్నని. సార్ చదివి పెన్ను తీశారు. దాని కిందే తనదొకటి రాశారు. 'ఇఫ్ ఐ హ్యాడ్ చెక్డ్ ద బుక్ డైలీ, షి వుడ్ నాట్ హ్యావ్ డన్ దిస్.' తను రోజూ చూసి ఉంటే ఈ పిల్ల ఇలా చేసేది కాదని. సంతకం పెట్టారు.

"మీరెందుకు రాసిండ్రు సార్?"

"అందరు ముందుగాల రాస్తున్నరని నాకు తెల్వదా? సూడనట్టు ఊకున్న. మరి నా తప్పు నేను రాసుకోవద్దా?"

మేనేజరు మా ఇద్దరినీ చెడామడా తిట్టి, పరీక్ష జాబితాలో నా పేరు కొట్టేశాడు. సార్‌కు మెమో ఇచ్చాడు. నాకు తలెత్తి ఆయన్ని చూడాలంటే సిగ్గు. ఆయన మాత్రం మర్నాడు అన్నం తిని చెయ్యి కడుక్కుని, "రా, ఆవిరి ఇడిస్తే ఏమైతది?" అన్నారు. మరుసటేడు పరీక్ష రాశాను, ఉద్యోగం వచ్చింది. సార్ జిలేబీ తెచ్చి సెక్షనంతా పంచారు.

ఆయన రిటైరై చాలా ఏళ్లయింది. ఇప్పుడు ల్యాబు పుస్తకాల మీద నేనే సంతకం పెడతాను. మొన్నొక కొత్త అమ్మాయి, తను చేసిన తప్పు రాసిన కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. వుడ్ రెండువైపులా ఉంది. అది తర్వాత దిద్దొచ్చులే అనుకుని, పెన్ను తీసి కింద ముందు నా వాక్యం మొదలుపెట్టాను. 'ఇఫ్ ఐ హ్యాడ్...'