దుమ్ములో నా జాడ

బస్తర్ సంస్థానం ఉన్న రోజుల్లో సర్వే పని మీద మోటారు సైకిల్‌పై కోంట వైపు వెళ్తున్నాను. ఒక మలుపు తిరగగానే దారికి అడ్డంగా ఎద్దు. బ్రేకు గట్టిగా తొక్కాను. బండి ఆగకుండా జారుతూ దాని మీదికే వెళ్లి, జానెడు దూరంలో పక్కకు ఒరిగి పడింది.

ఎద్దును తోలుకొస్తున్న ముసలి దొర్ల తెగ రైతు తిడతాడనుకున్నాను. ఆయన నన్ను లేపి, ఎద్దు కాళ్లు తడిమి, దుమ్ములో నా చక్రం గీసిన గీత వెంట వంగి వెనక్కి నడిచాడు.

“ఏం చూస్తున్నావు తాతా?”

“జాడ. ఇక్కడ నీ చక్రం తిరుగుడు బందైంది దొరా, అందుకే జారినవు. పక్కన ఇంత దారి ఉండంగ ఎద్దునే చూసుకుంట వచ్చినవు. బెదిరిన దుప్పి గూడ ఇట్లనే, చూసిన దాని మీదికే వస్తది.”

నాలుగో రోజు తిరిగి వస్తుంటే అదే మలుపులో మేక అడ్డొచ్చింది. ఖాళీ దారి వైపు చూస్తూ, బ్రేకును కొద్దికొద్దిగా నొక్కుతూ తప్పించుకున్నాను. పక్క చేలోంచి తాత వచ్చాడు. నేను గొప్పగా చెప్పబోతుంటే ఆగమని చెయ్యి చూపి దుమ్ము మీదికి వంగాడు.

“ఈసారి చక్రం తిరిగింది” అన్నాడు. తర్వాత గీత కాస్త వంకరపోయిన చోట వేలు పెట్టాడు.

“ఈడ జరంత మేకను చూసినవు గద, దొరా?”